తీసేయడం రాని చేయి

పదో తరగతి పిల్లలకు ఏటా సంభావ్యత పాఠం చెప్తాను. బాగా కలిపిన 52 పేకముక్కల కట్ట, అందులోంచి తీసిన ముక్క రాజు అయ్యే అవకాశమెంత, ఎర్ర ముక్క అయ్యే అవకాశమెంత అని పాలమూరు జిల్లాలో నేను పనిచేసిన ప్రతి బడిలోనూ బోర్డు మీద చేయించాను. తప్పు చేసినవాళ్లను దగ్గర కూర్చోబెట్టుకొని దిద్దాను. అదే లెక్క 60 కార్డుల కట్టగా నా చేతికి వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి కూడా కాగితం మీద పెట్టి చూడలేదు. ఎప్పటినుంచో ఈ సంగతి రాయాలని ఉంది. పోయిన డబ్బు కంటే నన్ను బాధపెట్టేది మా మేనల్లుడి ఆటను నేను లాక్కోవడం.

వాడు మా అక్క కొడుకు. నల్లగొండలో ఉంటాడు. ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఏడు వాడికి పోకెమాన్ కార్డుల మీద మనసు పడింది. సెలవులిస్తే చాలు, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులో నా దగ్గరికి వచ్చేసేవాడు. బట్టల కంటే ముందు కార్డుల డబ్బా సంచిలో పెట్టుకొనేవాడు. వాడికి ఆడేందుకు జోడీ కావాలి. అట్లా నాకు ఆట నేర్పించాడు.

మనకు తెలిసిన పేకాటలో అందరికీ కలిపి ఉండేది ఒకే కట్ట. ఎవరికి ఏం పడితే దానితోనే ఆడాలి. ఈ ఆటలో ఎవరి కట్ట వాళ్లు ఇంటి దగ్గరే కట్టుకొని వస్తారు. దాన్నే డెక్ అంటారు. ఈ పద్ధతికి దారి వేసింది 1993లో అమెరికాలో వచ్చిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'. దాన్ని తయారుచేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితంలో, అందులోనూ సంయోగాల లెక్కల్లో డాక్టరేట్ చేసినవాడు. జపాన్‌లో 1996లో పోకెమాన్ కార్డులు వచ్చాయి, 1999 జనవరిలో ఇంగ్లీషులోకి దిగాయి. నియమాలు గట్టివి. డెక్‌లో సరిగ్గా 60 కార్డులు ఉండాలి, ఒకటి ఎక్కువైనా తక్కువైనా కుదరదు. దెబ్బ కొట్టే శక్తినిచ్చే బేసిక్ ఎనర్జీ కార్డులు తప్ప ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించకూడదు. మొదట చేతిలోకి 7 తీసుకోవాలి, 6 కార్డులు ప్రైజులుగా బోర్లా పెట్టాలి. ఎదుటివాడి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా ఆ ప్రైజుల్లోంచి తీసుకోవాలి. ఆరూ ముందుగా తీసుకున్నవాడిది గెలుపు. చేతికొచ్చిన ఏడింటిలో బేసిక్ పోకెమాన్, అంటే ఇంకా ఎదగని మొదటి రూపం, ఒక్కటైనా లేకపోతే చూపించి మళ్లీ కలిపి పంచుకోవాలి. అందుకు బదులుగా ఎదుటివాడు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు.

అంటే సగం ఆట ఇంట్లోనే అయిపోతుంది. ఏ 60 పెట్టుకున్నావన్నదే అసలు సంగతి. మేనల్లుడికి ఇది మొదటినుంచీ తెలుసు. నాకు తెలియలేదు. నేను చూసింది కార్డుల మీది బొమ్మలను.

చూడకుండా ఎట్లా ఉంటాం? మా చిన్నప్పుడు నల్లగొండలో సిగరెట్ పెట్టెలు ఏరుకొనేవాళ్లం. గడియారం దగ్గర, బస్టాండు దగ్గర, సినిమా హాళ్ల ముందు వంగి నడిచేవాళ్లం. పసుపుపచ్చ చార్మినార్ పెట్టె హైదరాబాద్ వజీర్ సుల్తాన్ కంపెనీది. అది ఎక్కడ చూసినా దొరికేది కాబట్టి దానికి విలువ తక్కువ. అరుదుగా దొరికే పెట్టెకు విలువ ఎక్కువ. గుండ్రంగా గీసిన గీతలోంచి రాయితో కొట్టి బయటికి పంపితే పెట్టె నీది. నేను ఎప్పుడూ అరుదైన పెట్టెలను ఆటకు తెచ్చేవాణ్ని కాదు. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దాచి, చార్మినార్లతోనే ఆడేవాణ్ని. తర్వాత కేబుల్ టీవీ వచ్చి కుస్తీల ట్రంప్ కార్డులు వచ్చినప్పుడూ అంతే. ఎత్తు, బరువు, గెలిచిన పోటీలు చదివి ఒకరిమీద ఒకరం వేసుకొనే ఆటలో అండర్‌టేకర్ కార్డు పోతుందేమోనన్న భయంతో నేను కట్టలోంచి ముందే తీసి జేబులో పెట్టుకొనేవాణ్ని. ఆ గుణం నాతోపాటే పెరిగింది. జీతం వచ్చాక దానికి అడ్డు లేకుండా పోయింది.

2023 సెప్టెంబరులో '151' అనే సెట్ వచ్చింది. మొట్టమొదటి 151 పోకెమాన్లనే మళ్లీ కొత్తగా వేసిన సెట్ అది. అందులో చారిజార్డ్, బ్లాస్టాయిస్, వీనసార్ మూడింటికీ ఈఎక్స్ అనే బలమైన కార్డులున్నాయి. వాటిలో ప్రత్యేక చిత్రంతో వచ్చే చారిజార్డ్ కోసం నేను ప్యాకెట్ల మీద ప్యాకెట్లు చింపాను. ఒక్కో ప్యాకెట్ వందల రూపాయలు. వచ్చినవే మళ్లీ మళ్లీ వచ్చాయి. చివరికి కార్డులు సేకరించే ఒకాయన దగ్గర ఆ ఒక్క కార్డు కొన్నాను. ఎంత పెట్టానో మా ఆవిడకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు. ఇది చదివితే ఆమెకు తెలుస్తుంది, తెలియాలి కూడా. అదే పేరుతో, అదే శక్తితో మామూలు బొమ్మ కార్డు అందులో చిన్న వంతుకే దొరుకుతుంది. ఆటలో రెండింటికీ పిసరంత తేడా లేదు. ఆ తేడా డబ్బుతో మరో పిల్లవాడు మొత్తం డెక్ కట్టుకోగలడు.

మన ఊళ్లలో ఇంకో తంతు ఉంది. బొమ్మల దుకాణాల్లో బంగారు రంగు రేకు కార్డులు వేలాడుతుంటాయి. వేలకు వేల హెచ్‌పీ (ప్రాణబలం) అచ్చేసి ఉంటుంది. వాటినీ కొన్నాను, పిల్లవాడు సంతోషిస్తాడని. వాడు ఒకదాన్ని ఫోన్ టార్చి మీద పెట్టి చూపించాడు. అసలు కార్డుకు రెండు కాగితాల నడుమ సన్నటి నల్ల పొర ఉంటుంది, వెలుతురును ఆపుతుంది. నకిలీ దానిలోంచి వెలుతురు ఇటు దూసుకొచ్చింది. "ఇవి పోటీల నడవయి మామా" అన్నాడు మెల్లగా. నేను నొచ్చుకోకూడదని అంత మెల్లగా అన్నాడు.

హైదరాబాద్‌లో ఒకచోట చిన్న పోటీ ఉందని వాడే తెలుసుకున్నాడు. వెళ్దామన్నాడు. అప్పుడు నేను చేసిన పని ఇది: డెక్ నేను కడతానన్నాను. కార్డులు కొన్నది నేను కాబట్టి ఆ హక్కు నాదే అనుకున్నాను.

ఆ డెక్ ఎట్లా ఉందో వివరంగా చెప్తాను, ఎందుకంటే తప్పు కంటికి కనిపించేది అక్కడే. చార్మాండర్ 2, స్క్విర్టిల్ 2, బల్బసార్ 2. మూడింటి మధ్య రూపాలు రెండేసి, పెద్ద రూపాలు (చారిజార్డ్, బ్లాస్టాయిస్, వీనసార్) రెండేసి. ఇవే 18 అయ్యాయి. నిప్పు, నీరు, ఆకు ఎనర్జీలు ఎనిమిదేసి చొప్పున 24. మెరిసే కార్డులు ఇంకో 6, అందులో బేసిక్‌లు 2. మిగిలిన 12 చోట్లలో ట్రైనర్ కార్డులు, అన్నీ ఒక్కొక్కటే. ట్రైనర్లు అంటే కార్డులు లాగడానికి, వెతకడానికి పనికొచ్చేవి. బొమ్మలో మెరుపు ఉండదు కాబట్టి నాకు వాటిమీద చూపు ఆనలేదు. గెలిచే డెక్కుల్లో సగానికి పైగా ఉండేవి అవే.

ఆ వారం వాడి నేస్తం ఒకడు నల్లగొండలో ఒక మారకం అడిగాడు. నా ప్రత్యేక చిత్రం చారిజార్డ్ ఇస్తే, వాడు 'అబ్సీడియన్ ఫ్లేమ్స్' సెట్‌లోని మామూలు చారిజార్డ్ ఈఎక్స్‌లు, పిడ్జియట్ ఈఎక్స్‌లు, మధ్య రూపం లేకుండానే పెద్ద రూపానికి ఎదగనిచ్చే రేర్ క్యాండీలు నాలుగు, అల్ట్రా బాల్‌లు నాలుగు, ఇంకా పైన కొన్ని ట్రైనర్లు ఇస్తానన్నాడు. మా వాడు ఫోన్ చేశాడు. గొంతులో ఆశ తెలుస్తోంది. ఆ రెండు చారిజార్డులకు పేరు ఒకటే గాని పని వేరు. నా దగ్గరున్న 151 చారిజార్డ్ పెద్ద దెబ్బ కొట్టాలంటే నాలుగు నిప్పు ఎనర్జీలు కావాలి. కొట్టాక మూడు పారేయాలి. అబ్సీడియన్ ఫ్లేమ్స్ చారిజార్డ్ ఆ రూపానికి ఎదగగానే డెక్‌లోంచి మూడు నిప్పు ఎనర్జీల దాకా తానే లాగి తగిలిస్తుంది. రెండు ఎనర్జీలతో 180 దెబ్బ కొడుతుంది. ఎదుటివాడు తీసుకున్న ప్రతి ప్రైజుకూ ఇంకో 30 పెరుగుతుంది. ఓడుతున్న కొద్దీ బలమయ్యే కార్డు అది. దానికి ఎనర్జీలు ఆరేడు చాలు, మిగిలిన చోటంతా ట్రైనర్లకు వదలొచ్చు. ఇదంతా వాడు ఫోన్‌లో చెప్పాడు. నేను విని, "దాన్ని ముట్టుకోవద్దు" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు వాడు.

పోటీలో ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. మొదటి ఆటలోనే బేసిక్ రాక మళ్లీ కలిపాడు, మళ్లీ కలిపాడు. ఎదుట కూర్చున్న పాప వాడికన్నా చిన్నది. ప్రతిసారీ అదనపు కార్డు తీసుకుంటూ పోయింది. ఆమె దగ్గర ఒక్క ప్రత్యేక చిత్రం కార్డూ లేదు. చిన్న బేసిక్‌లను రెండేసి బెంచ్ మీదికి తెచ్చే బడ్డీ-బడ్డీ పాఫిన్, రేర్ క్యాండీ, వెతుకుడు కార్డులు వరసగా తీసి ఆడుతోంది. మా వాడి చేతిలో బ్లాస్టాయిస్ ఉంది, స్క్విర్టిల్ లేదు. నిప్పు ఎనర్జీలున్నాయి, చార్మాండర్ లేదు. నేను వెనక నిలబడి చూశాను. వాడు కార్డులను అటూ ఇటూ సర్దుతున్నాడు, సర్దితే ఏదో ఒకటి అవుతుందన్నట్టు. ఆ రోజంతా అట్లాగే గడిచింది.

చౌటుప్పల్ దాటాక బస్సులో అన్నాడు: "మామా, ఇది నీ డెక్. నాది కాదు."

కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పాడు. నాకు నిద్ర పట్టలేదు. ఆ రాత్రి అక్క వాళ్లింట్లోనే కాగితం తీసుకొని, పిల్లలకు చెప్పే లెక్కను నాకు నేను చెప్పుకున్నాను.

60లో ఒక కార్డు నాలుగు ప్రతులుంటే, మొదటి ఏడింటిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. రెండే ఉంటే 22. ఒక్కటే ఉంటే 12 కూడా రాదు. అంతేకాదు, ఆరు కార్డులు ప్రైజుల్లోకి పోతాయి కదా, ఒక్కటే పెట్టుకున్న కార్డు అక్కడ ఇరుక్కుపోయే అవకాశం నూటికి పది. నేను ట్రైనర్లన్నీ ఒక్కొక్కటే పెట్టాను. బేసిక్‌లు మొత్తం 8 ఉన్న నా డెక్‌లో మొదటి ఏడింటిలో ఒక్క బేసిక్ కూడా రాకపోయే అవకాశం దాదాపు 35 శాతం. అంటే ప్రతి మూడు ఆటల్లో ఒకటి ఇంకా మొదలుకాకముందే ఎదుటివాడికి ఒక కార్డు అప్పనంగా ఇస్తున్నాం. అదే 12 బేసిక్‌లుంటే అది 19 శాతానికి పడిపోతుంది. ఇవేవీ పెద్ద లెక్కలు కావు. ఇంటర్ పిల్లలు చేస్తారు. మూడు కుటుంబాలను ఒక డెక్‌లో ఇరికించడమంటే ఏ ఒక్కటీ సమయానికి చేతికి రాకుండా చేయడమే. పిల్లవాడి దురదృష్టం అనుకున్నదంతా నేను నా చేతులతో కట్టి ఇచ్చిందే.

తర్వాత ఈ ఆట చరిత్ర చదువుకుంటే నాలాంటి పొరపాటు ఆటతోపాటే పుట్టిందని అర్థమైంది. 1999 బేస్ సెట్‌లో 102 కార్డులు, అందులో మెరిసేవి 16. అందరూ కోరుకున్నది చారిజార్డ్. 120 హెచ్‌పీ, 100 దెబ్బ. కాని అది రెండుసార్లు ఎదగాలి, నాలుగు నిప్పు ఎనర్జీలు మోయాలి, కొట్టినప్పుడల్లా రెండు పారేయాలి. ఆ రోజుల్లో బల్లల మీద పోటీలు గెలుచుకున్నది 'హేమేకర్' అనే డెక్. హిట్‌మాన్‌చాన్, ఎలెక్టబజ్ అని 70 హెచ్‌పీ ఉన్న బేసిక్‌లు. హిట్‌మాన్‌చాన్ ఒక్క ఎనర్జీతో మొదటి వంతునుంచే 20 కొడుతుంది. వాటి వెనక బిల్, ప్రొఫెసర్ ఓక్ లాంటి ట్రైనర్లు కట్టలు కట్టలు. ప్రొఫెసర్ ఓక్ చేతిలో ఉన్నవన్నీ పారేసి ఏడు కొత్తవి లాగమంటుంది. చేతిలో ఉన్నదంతా పారేయడం! ఆ కార్డు చదివినప్పుడు నాకు మా నాయిన గుర్తొచ్చాడు.

నాయిన రమ్మీ బాగా ఆడేవాడు. దసరా, సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో పత్తాలు పరిచేవాళ్లు. డబ్బులు ఉండేవి కావు, పాయింట్లు నోట్‌బుక్‌లో రాసుకొనేవాళ్లు. నేను రాజును, రాణిని చేతిలో పట్టుకొని గులాము కోసం చూసేవాణ్ని. నాయిన పక్కనుంచి చూసి, "లైఫ్ పడలే, ఇంక బొమ్మలెందుకు పట్టుకున్నవ్? పడెయ్" అనేవాడు. నేను పడేసేవాణ్ని కాదు. ఎవరో షో చెప్పేవాళ్లు, నాకు ఫుల్ కౌంట్, 80. నాయిన మాత్రం మంచి ముక్కను కూడా అవసరం లేదనుకుంటే కళ్లార్పకుండా విసిరేసేవాడు. ఆ విసరడంలోనే ఆయన ఆట ఉండేది.

సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని తీర్పు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి, నేర్పంతా అందులో ఉందని చెప్పింది. ఆ తీర్పు సంగతి మా నాయినకు తెలుసో లేదో గాని, దాని సారం ఆయన చేతికి తెలుసు. నేను ఆయన పక్కన కూర్చొని పెరిగి కూడా పారేసే ఆ సగాన్ని నేర్చుకోలేదు. ప్యాకెట్ చింపినప్పుడు ఏమొస్తుందన్నది అదృష్టం. 60ని ఎంచడం నేర్పు. నా డబ్బూ ఓపికా అంతా అదృష్టం వైపు పోశాను. నేర్పు వైపు నిలబడిన పిల్లవాడి మాట వినలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఏటా పాత కార్డులు పోటీల్లోంచి తొలగుతాయి. కార్డు కింద ఎడమవైపు మూలన చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో అయిదో అక్షరం ఉన్నవి, 2025 ఏప్రిల్‌లో ఆరో అక్షరం ఉన్నవి స్టాండర్డ్ పోటీలనుంచి పోయాయి. ఎప్పటికైనా పనికొస్తాయని నేను పోగేసిన వాటిలో చాలా భాగం అట్లా పక్కకు పోయింది. వాటి బొమ్మలు నాకు ఇప్పటికీ ఇష్టమే. సేకరించడం తప్పని నేను అనను, ఆ చిత్రకారుల పని చూస్తుంటే పొద్దు తెలియదు. కాని సేకరణకు పెట్టుకున్న ప్రేమను ఆటకు పెట్టుకున్న ప్రేమ అని నమ్మి, ఆడేవాడి చేతిలోంచి నిర్ణయం తీసుకున్నాను. అది చేయకూడదు.

మరుసటి సెలవుల్లో ఆ మారకం జరగాలని నేనే అడిగాను. ఆ నేస్తం అప్పటికే తన కార్డులు వేరేవాళ్లతో మార్చుకున్నాడు. కాబట్టి నా చారిజార్డ్‌ను అమ్మేశాను. కొన్నదానికంటే తక్కువే వచ్చింది. ఆ డబ్బు మా వాడి చేతిలో పెట్టి, ఏం కావాలో నువ్వే చూసుకొమ్మన్నాను. వాడు ప్యాకెట్ ఒక్కటి కూడా కొనలేదు. అన్నీ విడి కార్డులే తెప్పించుకున్నాడు. చాలావరకు ట్రైనర్లు, అవీ నాలుగేసి. కొనగా మిగిలింది తెచ్చి నాకే ఇచ్చాడు.

మొన్న నా ఇంట్లో నేల మీద కార్డులు పరుచుకొని కూర్చున్నాం. లిస్టు వాడి నోట్‌బుక్‌లో వాడి చేతిరాతలో ఉంది. నేను పెన్సిల్‌తో పక్కన శాతాలు వేస్తున్నాను, నాకు ఇచ్చిన పని అంతవరకే. లెక్క పూర్తయ్యాక నేను పిడ్జియట్ ఇంకొకటి పెడితే బాగుంటుందన్నాను. నా ఉద్దేశంలో దానికి కారణం కూడా ఉంది: అది వంతుకొకసారి డెక్‌లోంచి ఏ కార్డునైనా వెతికి తెస్తుంది, ఒకటి ప్రైజుల్లో ఇరుక్కుంటే కష్టం. వాడు వేళ్లతో లిస్టు మీదినుంచి కిందికి లెక్కపెట్టుకున్నాడు.

"పెట్టొచ్చు మామా. కని 61 అయితది, ఆడనియ్యరు. ఏది తీసేద్దామో నువ్వే చెప్పు."

చాలాసేపు చూశాను. మధ్య రూపం చార్మిలియన్ ఒకటి తీసేయమన్నాను, రేర్ క్యాండీలు నాలుగున్నాయి కదా అని. వాడు ఒప్పుకోలేదు. క్యాండీ రాని ఆటల్లో అదే దిక్కని చెప్పి, నేను అడిగిన పిడ్జియట్‌ను పక్కన పెట్టేసి, లిస్టు మూసేశాడు.